మూత్రపిండములు: జల్లెడ ఉపమానముపై ఒక విమర్శ

మూత్రపిండములు ఏమి చేయునని ఏ ఉన్నత పాఠశాలలో ప్రశ్నించినను తరగతి అంతయు ఒక్క కంఠముతో చెప్పు సమాధానము ఒకటి కలదు: "రక్తమును వడగట్టును." ఖమ్మము పట్టణములోను ఇదే సమాధానము; గోదావరి దాటి, భద్రాచలమునకు ఆవల అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలోను ఇదే సమాధానము. పదవ తరగతి జీవశాస్త్రములో విసర్జనను గురించిన పాఠము ముగియు సరికి విద్యార్థికి బొమ్మ గీయుట వచ్చును. భాగముల పేర్లు వచ్చును. కాని వాటన్నిటికంటె గట్టిగా మనస్సున నాటుకొనునది ఉపాధ్యాయుడు మొదట చెప్పిన జల్లెడ ఉపమానము. పది సంవత్సరములు గడచిన తరువాత పేర్లు మరపునకు వచ్చును, బొమ్మ మాసిపోవును, జల్లెడ మాత్రము మిగులును.

ఒక పాఠములో చివరకు మిగులునది ఉపమానమే అయినప్పుడు, ఆ ఉపమానము ఎంతవరకు సరియైనదో పరీక్షించుట అవసరము. జల్లెడ ఉపమానము పూర్తిగా తప్పు కాదు. అది సగము నిజము. మిగిలిన సగము చెప్పకపోవుట వలన మూత్రపిండములు చేయు పనిలో అతి ముఖ్యమైన భాగము మరుగున పడుచున్నది. అంతేకాదు, ఈ అడవి సరిహద్దు పల్లెలలో కళ్ళెదుట జరుగు కొన్ని వ్యాధులు పాఠము చదివిన వారికి సైతము అర్థము కాకుండ పోవుచున్నవి.

ఉపమానములోని నిజము

మొదట ఉపమానమునకు దక్కవలసిన గౌరవము దక్కవలెను. మానవుని మూత్రపిండము పిడికిలి అంత ఉండును. పొడవు సుమారు 11 సెంటీమీటర్లు, బరువు 150 గ్రాములు. రెండును కలిపినను శరీరపు బరువులో నూటికి అర పాలు మాత్రమే. అయినను గుండె నిమిషమునకు పంపు 5 లీటర్ల రక్తములో ఇంచుమించు లీటరుంబావు వీటికే పోవుచున్నది. ఇంత చిన్న అవయవమునకు ఇంత రక్తము పోషణ కొరకే అవసరము లేదు. అందుచేత రక్తముపై అచట ఏదో పెద్ద పని జరుగుచున్నదని బాలుడైనను ఊహింపగలడు.

ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల సూక్ష్మ నాళికలు, అనగా నెఫ్రానులు కలవు. ప్రతి నెఫ్రాను మొదట ఒక గిన్నె వంటి భౌమన్ గుళిక; అందులో సన్నని రక్తకేశనాళికల గుచ్ఛము. ఈ గుచ్ఛములోనికి రక్తము తెచ్చు ధమనిక కంటె బయటికి తీసికొనిపోవు ధమనిక సన్నగా ఉండును. అందువలన లోపల ఒత్తిడి నిలచి, రక్తములోని నీరు, ఆ నీటిలో కరగిన లవణములు, చక్కెర, యూరియా మొదలైనవి గుళికలోనికి దిగును. రక్తకణములు, పెద్ద మాంసకృత్తులు దిగలేవు. ఇచట జరుగునది నిస్సందేహముగా వడపోతయే. 1666లో ఇటలీ దేశస్థుడు మాల్పీజీ ఈ గుచ్ఛములను సూక్ష్మదర్శినిలో చూచి వర్ణించెను. 1842లో ఇంగ్లండులో బౌమన్ గుళికకును నాళికకును గల సంబంధమును నిరూపించెను. ఆ కాలమందే జర్మనీలో కార్ల్ లుడ్విగ్ ఇది రక్తపు ఒత్తిడి వలన జరుగు వడపోత అని ప్రతిపాదించెను. జల్లెడ ఉపమానమునకు ఈ పరంపర అంతయు అండగా నిలుచును.

పానకము చెప్పు సాక్ష్యము

ఇక ఉపమానము ఎచట విఫలమగునో చూడవలెను. అందుకు ప్రయోగశాల అక్కరలేదు. శ్రీరామనవమికి భద్రాచలములోనే కాదు, తెలుగునాట ప్రతి వీధిలోను పానకము చేయుదురు. బెల్లము నీటిలో కరగిన పిదప పలుచని గుడ్డలో వడగట్టుదురు. గుడ్డ మీద చెరకు పిప్పి, ఇసుక నిలుచును. తీపి నిలుచునా? నిలువదు. తీపి అంతయు క్రింది గిన్నెలోనికి దిగిపోవును. గుడ్డను నాలుగు మడతలు వేసినను, ప్రయోగశాలలోని వడపోత కాగితము వాడినను తీపి దిగకుండ ఆపలేము. కరగిన పదార్థమును సామాన్యమైన వడపోత ఆపలేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. మన రక్తములో చక్కెర ఉన్నది. లీటరునకు సుమారు ఒక గ్రాము. రక్తము వడగట్టబడినప్పుడు ఆ చక్కెర కూడ పానకములోని తీపివలెనే క్రిందికి దిగవలెను గదా! కాని ఆరోగ్యవంతుని మూత్రములో చక్కెర కనబడదు. ఏమైనది? జల్లెడ ఉపమానము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పజాలదు. చెప్పజాలకపోవుటయే కాదు, ఆ ప్రశ్న పుట్టకుండ చేయును. జల్లెడ అనగానే మంచిది పైన నిలచును, చెడ్డది క్రింద పడును అని బాలుడు సమాధానపడును. పాఠమునకు ఇంతకంటె పెద్ద లోపము లేదు.

ఈ ప్రశ్నకు ప్రత్యక్ష సాక్ష్యము 1924లో దొరకినది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో రిచర్డ్స్, వెర్న్ అను శాస్త్రజ్ఞులు కప్ప మూత్రపిండములోని భౌమన్ గుళికలోనికి వెండ్రుక వంటి గాజు గొట్టమును గుచ్చి, అచటి ద్రవమును బిందువులో అల్పభాగముగా బయటికి తీసిరి. ఆ ద్రవములో చక్కెర ఉన్నది. అదే కప్ప మూత్రాశయములోని మూత్రములో చక్కెర లేదు. కనుక గుళికలో దిగిన చక్కెర నాళిక పొడవునా ప్రయాణము చేయునప్పుడు తిరిగి రక్తములోనికి తీసికొనబడినది. ఇదియే పునఃశోషణము. ఒక కప్పతో, ఒక గాజు గొట్టముతో ఎనుబది ఏండ్ల వివాదము తీరిన ఈ కథను పాఠములో నాలుగు పంక్తులలో చెప్పవచ్చును. బొమ్మలోని పది పేర్ల కంటె ఈ నాలుగు పంక్తులు విద్యార్థికి శాస్త్రము ఎట్లు నడచునో ఎక్కువగా నేర్పును.

ఇల్లు దులుపుట

జల్లెడ చాలనిచో దేనితో పోల్చవలెను? సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుట అందరు ఎరిగినదే. తెలివిగల ఇల్లాలు ఇంటిలో ఏది చెత్త, ఏది వస్తువు అని మూలమూలల వెదకుచు కూర్చుండదు. మంచము మొదలు గరిటె వరకు అన్నిటిని వాకిటిలోనికి చేరవేయును. తరువాత కావలసిన వాటిని ఒక్కొక్కటిగా లోపలికి తెచ్చుకొనును. ఎవరును తిరిగి తీసికొనిపోని పగిలిన కుండయు, చినిగిన చాపయు వాకిటనే మిగిలిపోవును. మూత్రపిండము అనుసరించు పద్ధతి సరిగా ఇట్టిదే.

లెక్కలు చూచినచో ఇది స్పష్టమగును. రెండు మూత్రపిండములలోని గుచ్ఛముల నుండి నిమిషమునకు 125 మిల్లీలీటర్ల ద్రవము దిగును. దినమునకు అది 180 లీటర్లు. శరీరములోని రక్తరసము సుమారు 3 లీటర్లే కనుక, ఆ మొత్తము దినమునకు 60 మార్లు వాకిటిలోనికి వచ్చి పోవుచున్నదన్నమాట. ఈ 180 లీటర్లలో సుమారు ఒకటిన్నర కిలోల ఉప్పు, 180 గ్రాముల చక్కెర ఉండును. చివరకు మూత్రముగా వెలువడునది లీటరున్నర. అందులో ఉప్పు కొన్ని గ్రాములు మాత్రమే. చక్కెర దాదాపు శూన్యము. నూటికి 99 పాళ్ళ నీరు తిరిగి ఇంటిలోనికే చేరినది.

ఇట్లు చేయుట వృథాప్రయాసవలె కనిపించును. కాని ఇందులో గొప్ప సౌకర్యము కలదు. శరీరము మునుపెన్నడు ఎరుగని పదార్థము ఏదైన లోనికి వచ్చినచో, దానిని గుర్తుపట్టి వెళ్ళగొట్టుటకు ప్రత్యేకమైన ఏర్పాటు ఉండనక్కరలేదు. కావలసిన వస్తువుల జాబితా ఒక్కటి ఉన్న చాలును. జాబితాలో లేనిది దానంతట అదే బయట మిగిలిపోవును. అనేక ఔషధములు మూత్రములో వెలువడుట ఇందువలననే. మరికొన్నిటిని నాళిక గోడలు రక్తము నుండి తీసి స్వయముగా నాళికలోనికి విసర్జించును. దీనిని నాళికా స్రావమందురు. జల్లెడ ఎన్నడును ఇట్టి పని చేయదు.

వస్తువులను లోపలికి మోయుటకు కూలి కావలెను. ఆ కూలి ఏ.టి.పి. అను శక్తిపదార్థము రూపమున చెల్లును. నాళిక కణముల గోడలలో ఉన్న సోడియం పంపు ఏ.టి.పి.ని ఖర్చు చేసి సోడియమును రక్తము వైపునకు నెట్టును; ఆ ప్రవాహమును ఆసరాగా గొని చక్కెర, నీరు మొదలైనవి వెంట నడచును. 1929లో కండరము నుండి ఏ.టి.పి.ని వేరుచేసిన వారిలో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అంతకు రెండేండ్ల ముందు, 1927లో, హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించెను. కండరములలోని ఈ క్రియాటిన్ నుండియే క్రియాటినిన్ అను వ్యర్థము పుట్టును. నేడు జిల్లా ఆసుపత్రిలో మూత్రపిండములు ఎట్లు పనిచేయుచున్నవో తెలిసికొనుటకు రక్తములో కొలుచునది ఆ క్రియాటినిన్‌నే. తెలుగు విద్యార్థికి ఇంత దగ్గరి సంబంధము చేతిలో ఉండగా, మూత్రపిండముల పాఠములో ఆ పేరు తలపునకు రాకపోవుట విచారకరము.

తునికాకు కోయు దినము

పాఠముపై రెండవ ఆక్షేపణ దాని శీర్షిక దగ్గరనే మొదలగును. "విసర్జన" అను పేరు క్రింద చేర్చుట వలన మూత్రపిండము పారిశుద్ధ్య కార్మికుడని మాత్రమే విద్యార్థి తలంచును. వాస్తవమున వ్యర్థములను పంపివేయుట దాని పనులలో ఒకటి. శరీరములో నీరెంత, ఉప్పెంత, ఆమ్లమెంత ఉండవలెనో నిర్ణయించునది అదే. రక్తపు ఒత్తిడిని రెనిన్ ద్వారా సవరించునది అదే. ఎర్రకణములను తయారుచేయుమని ఎముకలలోని మజ్జకు ఎరిత్రోపోయటిన్ ద్వారా ఉత్తరువు పంపునది అదే. విటమిన్ డి-ని ఉపయోగపడు రూపమునకు మార్చునదియు అదే.

ఈ సంగతి బోధపడుటకు భద్రాచలము అడవిలో ఒక మే నెల దినమును తలచుకొన్న చాలును. తెల్లవారకముందే ఇల్లు విడచి తునికాకు కోతకు పోయిన స్త్రీ ఎండ ముదురువేళకు తిరిగి వచ్చి, ఆకును 50 చొప్పున కట్టలు కట్టి, సాయంత్రము కల్లమునకు చేర్చును. ఎండ 45 డిగ్రీలను దాటు దినములు ఆ ప్రాంతమున అరుదు కాదు. ఇట్టి శ్రమలో గంటకు లీటరు వరకు చెమట పోవచ్చును. వెంట తీసికొనిపోయినది ఒక్క సీసా నీరు. ఆ దినము ఆమె మూత్రము కొద్దిగా, ముదురు పసుపుగా వచ్చును. అదే స్త్రీ శ్రావణమాసములో నాట్లు వేయునప్పుడు మూత్రము ధారాళముగా, నీటివలె తేటగా వచ్చును. జల్లెడ కన్నములు వేసవిలో ఒక తీరున, వర్షాకాలమున ఒక తీరున మారవు గదా! మరి మారినదేమి?

మారినది నాళిక చివరి భాగపు ప్రవర్తన. నెఫ్రాను మధ్యభాగము పిన్నువలె వంగి మూత్రపిండపు లోతునకు దిగి, తిరిగి పైకి వచ్చును. 1862లో హెన్లీ వర్ణించిన ఈ వంపునే తెలుగున హెన్లీ శిక్యమందురు. దిగు భాగమునుండి నీరు బయటికి పోవును. ఎక్కు భాగమునుండి ఉప్పు బయటికి నెట్టబడును, కాని అచటి గోడ నీటిని పోనీయదు. ఎదురెదురుగా నడచు ఈ రెండు ప్రవాహముల వలన మూత్రపిండపు లోపలి పొర లోతునకు పోయిన కొలది ఉప్పన అగును. అట్టడుగున రక్తము కంటె నాలుగు రెట్లు గాఢత ఉండును. ఈ ఎదురు ప్రవాహముల సిద్ధాంతమునకు 1951లో స్విట్జర్లండులో కూన్, విర్జ్ ప్రభృతులు ప్రయోగములచే బలము చేకూర్చిరి. మూత్రము చివరకు ఈ ఉప్పని పొర గుండ సాగు సంగ్రహణ నాళములలో దిగును. శరీరములో నీరు తగ్గినప్పుడు మెదడు క్రింది పీయూషగ్రంథి ఒక హార్మోనును విడుచును. దాని ఆజ్ఞపై సంగ్రహణ నాళపు గోడలలో నీటి ద్వారములు తెరచుకొనును. చుట్టునున్న ఉప్పు నీటిని లాగికొనును; మూత్రము చిక్కబడును. నీరు సమృద్ధిగా ఉన్ననాడు ఆ హార్మోను తగ్గును, ద్వారములు మూసికొనును, మూత్రము పలుచగా పోవును.

కాని ఈ పొదుపునకు ఒక హద్దు కలదు. ఎంత చిక్కబరచినను దినమునకు పుట్టు వ్యర్థములను కరగించి పంపుటకు కనీసము అరలీటరు నీరు కావలెను. అంతకు తక్కువైనచో వ్యర్థములు రక్తములో పేరుకొనును. తునికాకు కోతలో గాని, ఖమ్మము మిరపచేలలో కోతకు వచ్చిన కూలీల గుంపులో గాని ఈ హద్దు పుస్తకములోని అంకె కాదు. సాయంత్రమునకు ఒళ్ళునొప్పులని మింగు మాత్రలు ఇచట మరొక అపాయము తెచ్చును. నీరు తగ్గిన శరీరములో మూత్రపిండమునకు రక్తము అందునట్లు ధమనికను తెరచి ఉంచు పదార్థములనే ఆ మాత్రలలో అనేకము అణచివేయును. పాఠము ఈ ఒక్క సంగతిని చెప్పినను దాని ఖర్చు వడ్డీతో తిరిగి వచ్చును.

పేర్లలో దాగిన అర్థము

పారిభాషిక పదములను గురించి సాధారణముగా వినవచ్చు ఫిర్యాదు అవి కఠినములని. ఈ పాఠము విషయములో ఆ ఫిర్యాదు సగమే న్యాయము. గుచ్ఛగాలనము, సమీపస్థ సంవళిత నాళిక వంటివి ఇంటిలో కోయ మాటలాడి, బడిలో తెలుగు నేర్చిన బాలునికి బరువైనవే. కాని మరికొన్ని పదములు ఎంతో ఇంపైనవి. వాటిని విప్పి చెప్పకపోవుటయే తప్పు. మూత్రపిండపు వెలుపలి పొర వల్కలము, అనగా చెట్టు బెరడు. లోపలి పొర దవ్వ. అరటిబోదె లోపల తెల్లగా మెత్తగా ఉండు దవ్వయే. శిక్యమనగా ఉట్టి, ఇంటి దూలమునుండి క్రిందికి వ్రేలాడు త్రాటి వంపు. బెరడు, దవ్వ, ఉట్టి ఎరుగని పిల్లవాడు అడవి పల్లెలో ఉండడు. ఈ మూడు మాటలతో నెఫ్రాను బొమ్మ సగము పూర్తియగును. ఉట్టి బెరడునుండి దవ్వలోనికి వ్రేలాడుచున్నదని చెప్పినచో హెన్లీ శిక్యము ఎచట ఉండునో అతడు మరచిపోడు.

వృక్కమను పదము ప్రాచీనమైనది. అయితే సుశ్రుత సంహితలో వృక్కములు రక్తమేదస్సుల సారమునుండి పుట్టినవని చెప్పబడినవే గాని, మూత్రముతో వాటికి గల సంబంధము స్పష్టముగా లేదు. మూత్రాశయము నిండు విధమును అచట వేరొక దృష్టాంతముతో వివరించిరి: మూతివరకు నీటిలో ముంచిన కొత్త కుండ ప్రక్కలనుండి నీరు ఊరి నిండునట్లు, సూక్ష్మమార్గములగుండ అది నిండునని. అవయవము విషయమున పొరపాటు ఉన్నను, కంటికి కనబడని రంధ్రములగుండ ద్రవము ఊరునను ఊహ మాత్రము జల్లెడ కంటె సూక్ష్మమైనది. ఉపమానము విజ్ఞానముతో పాటు పెరుగవలెనని చెప్పుటకు ఇది మంచి ఉదాహరణము.

బయటికి పోవుటకు అనుమతి అడుగు బాలుడు

పాఠము చెప్పు తీరు మారినచో ఎవరికి లాభమని అడుగువారు ఉందురు. తరగతిలో మాటిమాటికి మూత్రమునకు పోవలెనని లేచు బాలునికి లాభము.

కొడవలికణ రక్తహీనత ఈ అడవి ప్రాంతపు గిరిజనులలో కనబడు జన్మతః సంక్రమించు వ్యాధి. 1949లో లైనస్ పౌలింగ్ బృందము ఇది హీమోగ్లోబిన్ అణువులోని తేడా వలన కలుగునని చూపెను. మన దేశములో దీనిని మొదట 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించిరి. ప్రాణవాయువు తగ్గినప్పుడును, కణములో నీరు తగ్గినప్పుడును ఈ వ్యాధిగ్రస్తుల ఎర్రకణములు కొడవలివలె వంగి సన్నని నాళములలో ఇరుక్కొనును. శరీరములో ఈ రెండు పరిస్థితులును ఒకేచోట నిత్యము ఉండు స్థలమేది? ఉప్పన అయిన, ప్రాణవాయువు తక్కువైన మూత్రపిండపు దవ్వ. అందువలన అచటి రక్తనాళములు చిన్నతనముననే దెబ్బతినును. దవ్వ దెబ్బతిన్నచో మూత్రమును చిక్కబరచు శక్తి పోవును. అట్టి బిడ్డ ఎండాకాలమున కూడ పలుచని మూత్రమును ఎక్కువసార్లు విడుచును, రాత్రి పక్క తడుపును, త్వరగా నీరసించును.

జల్లెడ మాత్రమే తెలిసిన ఉపాధ్యాయునికి ఈ బాలుడు పాఠము తప్పించుకొనుటకు సాకులు వెదకువాడుగా కనబడును. దవ్వ పని తెలిసిన ఉపాధ్యాయుడు అతనిని రక్తపరీక్షకు పంపును. దగ్గర నీళ్ళసీసా ఉంచుకొననిచ్చును. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వము కొడవలికణ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించు లక్ష్యముతో జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. పరీక్ష చేయు ఏర్పాటు ఉన్నప్పుడు పరీక్షకు పంపవలసిన బిడ్డను గుర్తించు కన్ను బడిలో ఉండవలెను.

మూత్రాశయము సంగతియు ఇట్టిదే. పుస్తకములో అది ఒక సంచి. నిజమునకు అది నరముల అదుపులో ఉండు కండరపు అవయవము. పెద్దవారిలో 400 నుండి 500 మిల్లీలీటర్ల వరకు పట్టును. మరుగుదొడ్డి సరిగా లేని బడిలో ఆడపిల్లలు ఉదయమునుండి నీరు త్రాగరు, మూత్రమును బిగబట్టుదురు. స్త్రీలలో ప్రసేకము పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కనుక సూక్ష్మజీవులు మూత్రాశయమును చేరుట సులువు. ధారాళమైన మూత్రము వాటిని కడిగివేయును. నిలువయున్న మూత్రము వాటిని పెంచును. కావున మరుగుదొడ్డి కూడ ఈ పాఠములోని ఉపకరణమే.

వ్యాధులకు మిగిల్చిన పేరా

పాఠము చివర వ్యాధులకు సాధారణముగా ఒక పేరా మిగులును. అందులో రాళ్ళు, డయాలసిస్, అవయవదానము ఉండును. అవి అవసరమే. కాని సరిహద్దు పల్లెలలో మూత్రపిండములు చెడు మార్గములు వేరు. భద్రాచలము మన్యమున చిరకాలముగా ఉన్న ఫాల్సిపారం మలేరియా తీవ్రమైనప్పుడు ఎర్రకణములు కుప్పలుగా పగిలి, మూత్రము నల్లని కషాయము రంగులో రావచ్చును. మూత్రపిండములు హఠాత్తుగా ఆగవచ్చును. మలేరియా ఇటీవల చాల తగ్గినను ఆ గుర్తు తెలిసియుండుట మంచిది. రక్తపింజర కాటు వలనను ఇట్లే జరుగును. మంత్రము కొరకు పోయిన ప్రతి గంటయు మూత్రపిండముల ఖాతాలోనే వ్రాయబడును.

2016లో చింతూరు, వరరామచంద్రపురము ప్రాంతపు గిరిజన గ్రామములలో కాళ్ళవాపుతో మనుష్యులు మరణించిన వార్తలు పత్రికలలో వచ్చినవి. 2014 వరకు ఖమ్మం జిల్లాలో ఉండి, పిదప ఆంధ్రప్రదేశ్‌లో చేరిన మండలములవి. కాళ్ళవాపు ఒక వ్యాధి పేరు కాదు. అనేక వ్యాధుల గుర్తు. గుండె బలహీనపడినను, కాలేయము చెడినను, తీవ్రమైన రక్తహీనత కలిగినను, ఆహారములో విటమిన్ బి-1 లోపించినను కాళ్ళు వాచును. మూత్రపిండము చెడినచో వాపు రెండు విధముల రావచ్చును. ఉప్పు, నీరు బయటికి పోక శరీరములో నిలుచుట ఒకటి. గుచ్ఛపు వడపోత పొర చెడి రక్తములోని ఆల్బుమిన్ మూత్రములోనికి జారిపోవుట రెండవది. నీటిని రక్తనాళములలో పట్టియుంచునది ఆల్బుమినే. అది తగ్గగా నీరు కణజాలములోనికి ఊరును. ఉదయము కళ్ళక్రింద వాపు, మూత్రములో విడువని నురుగు దీనికి గుర్తులు. గుడ్డు తెల్లసొనను నీటిలో కలిపి పరీక్షనాళికలో వేడిచేసినచో తేట ద్రవము మబ్బుపట్టునట్లు తరగతిలో చూపవచ్చును. మూత్రములోని ఆల్బుమిన్‌ను వైద్యులు బహుకాలము ఈ పద్ధతినే పరీక్షించిరి. జల్లెడ ఉపమానము నిజముగా అక్కరకు వచ్చు చోటు ఇదియే. జల్లెడ చిరిగినచో ఏమగునో చెప్పవలసిన ఈ చోటనే పాఠము మౌనము వహించుట వింత.

దీర్ఘకాలిక వ్యాధి మరింత నిశ్శబ్దముగా వచ్చును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో కవిటి, సోంపేట మొదలైన మండలముల ప్రజలు దశాబ్దములుగా దీనివలన బాధపడుచున్నారు. ఖమ్మము సరిహద్దునకు అంత దూరము కాని ఎ.కొండూరు మండలపు తండాలలోను ఇట్టి బాధ బయటపడినది. ఉద్దానపు వ్యాధికి మూలకారణముపై శాస్త్రజ్ఞులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఈ వ్యాధి కొరకు 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. 20 లక్షల నెఫ్రానులలో సగము పోయినను మిగిలినవి భారము మోయును. రోగికి నొప్పి ఉండదు. అందువలన నొప్పి లేదు గనుక జబ్బు లేదను నమ్మకమును తొలగించుట ఏ ఆసుపత్రి కంటెను ముందుగా పాఠశాల చేయవలసిన పని.

పాఠము ఎట్లుండవలెను?

ఇంతవరకు చెప్పిన ఆక్షేపణల సారము ఒక్కటే. పాఠము అవయవమును వర్ణించుచున్నది. అది ఎదుర్కొను చిక్కును వర్ణించుటలేదు. చిక్కు ఏమనగా: కావలసినదియు అక్కరలేనిదియు ఒకే నీటిలో కరగియున్నవి, ఆ నీరు కూడ విలువైనదే. పానకముతో పాఠము మొదలుపెట్టినచో ఈ చిక్కు ఐదు నిమిషములలో తరగతి ముందు నిలుచును. తీపిని ఎట్లు కాపాడవలెనని విద్యార్థులే ప్రశ్నింతురు. అప్పుడు కప్ప కథ, ఇల్లు దులుపుట, ఉట్టి, దవ్వ వరుసగా సమాధానములగును. పేర్లు చివర రావచ్చును. అవసరము తెలిసిన పిదప పేరు బరువుగా తోచదు.

ఇల్లు దులుపుట అను ఉపమానమునకును లోపములు లేకపోలేదు. ఇల్లాలు ఆలోచించి ఎంచును. నాళిక కణము ఆలోచించదు, దాని గోడలోని వాహక అణువుల ఆకృతియే ఎంపిక చేయును. ఆ వాహకములకు శక్తి హద్దు కలదు. మధుమేహములో చక్కెర ఆ హద్దు దాటినప్పుడు మోయలేక వాకిటనే వదలివేయును. మూత్రములో చక్కెర కనబడును. ఉపమానము ఎచట ఆగిపోవునో తరగతికి చెప్పుట కూడ బోధనలో భాగమే. అట్లు చెప్పియుండినచో జల్లెడయు ఇంతకాలము హాని చేసియుండదు.

విసర్జన పాఠము చెప్పు దినమున ఉపాధ్యాయుడు ఒక లోటాలో పానకము, ఒక పలుచని గుడ్డ తీసికొనిపోయిన చాలును. వడగట్టిన పానకము పిల్లలు త్రాగుదురు. తీపి ఎందుకు ఆగలేదని వారిలో ఒక్కరు అడిగినను ఆ దినపు పాఠము నెరవేరినట్లే.